పాత చిన్న లాప్‌టాప్‌ని బాగు చేయించాలా, మార్చేయాలా: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో లాప్‌టాప్‌లు విప్పి బాగుచేసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్నలు నాకు రోజూ ఎదురయ్యేవే. చిన్న లాప్‌టాప్ అంటే ఇక్కడ 11 నుంచి 13 అంగుళాల తెర ఉన్నది అనుకోండి. పెద్దవాటికి పనికొచ్చే సలహా వీటికి అన్నిసార్లూ పనికిరాదు. పల్చగా, తేలిగ్గా ఉండాలని కంపెనీలు వీటిలో చాలా భాగాలను బోర్డుకే అతికించేస్తాయి. అందుకే "కొని ఎన్నేళ్లయింది?" అని నేను ముందుగా అడగను. లోపల ఏది మార్చడానికి వీలుందో చూస్తాను. పదేళ్ల నాటి మెషీన్ ఇంకో మూడేళ్లు హాయిగా నడవచ్చు. నాలుగేళ్ల క్రితం కొన్నది ఇవాళే పనికిరాకుండా పోవచ్చు.

లాప్‌టాప్ బాగా స్లో అయిపోయింది. కొత్తది కొనే టైమొచ్చినట్టేనా?

తొందరపడకండి. ముందు ఏ భాగం వల్ల స్లో అవుతోందో చూడాలి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి పెట్టుకుని, మీరు రోజూ చేసే పనే కాసేపు చేయండి. డిస్క్ గీత 100 శాతం దగ్గరే నిలబడిపోయి మిగతావి ఖాళీగా ఉంటే సమస్య హార్డ్ డిస్క్‌ది. మెమరీ 90 శాతం దాటి, దానితోపాటు డిస్క్ కూడా పరుగులు పెడుతుంటే ర్యామ్, అంటే నడుస్తున్న పనులను పట్టి ఉంచే మెమరీ, చాలడం లేదని అర్థం. ర్యామ్ నిండిపోతే విండోస్ కొంత సమాచారాన్ని డిస్క్ మీదికి తోస్తుంది కాబట్టి రెండూ ఒకేసారి కష్టపడతాయి.

ప్రాసెసర్ ఒక్కటే ఎప్పుడు చూసినా 100 దగ్గర ఉంటే కథ వేరు. చిన్న లాప్‌టాప్‌లలో ప్రాసెసర్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, దాన్ని మార్చలేం. అలాగని అప్పుడే ఆశ వదులుకోనక్కర్లేదు. ఫ్యాన్ దగ్గర దుమ్ము గట్టిపడి వేడి బయటికి పోకపోతే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. విప్పి శుభ్రం చేసి, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ మార్చాక మళ్లీ చూడండి. అప్పటికీ మారకపోతే దాని శక్తి అంతే.

హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే నిజంగా అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. పాత లాప్‌టాప్‌కి పెట్టే ఖర్చులో ఇంత ఫలితం ఇచ్చేది మరొకటి నేను చూడలేదు. హార్డ్ డిస్క్‌లో నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్లెం మీద ఒక చిన్న ముల్లు అటూ ఇటూ కదిలి ఫైళ్లు వెతుకుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు కావాలి, ప్రతిదానికీ ముల్లు జరగాలి. ఎస్‌ఎస్‌డీ అంటే చిప్‌లలో డేటా దాచే డిస్క్, అందులో కదిలే భాగమే లేదు. వరుసగా చదివే వేగం చూసినా, సాటా (పాత రకం కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ దాకా ఇస్తే పాత లాప్‌టాప్ హార్డ్ డిస్క్ వంద ఎంబీ అటూ ఇటూ ఇస్తుంది. రోజువారీ పనిలో మనకు తెలిసే తేడా ఆ అంకెలకన్నా పెద్దది, ఎందుకంటే అసలు ఆలస్యమంతా ఆ వెతుకులాటలోనే ఉంది.

కొనే ముందు మీ లాప్‌టాప్‌లో ఏ రకం పడుతుందో తెలుసుకోండి. పాతవాటిలో 2.5 అంగుళాల సాటా డిస్క్ ఉంటుంది. చిన్న మోడళ్లలో చాలావాటికి 7 మిల్లీమీటర్ల మందం ఉన్నదే పడుతుంది. కొంచెం కొత్తవాటిలో ఎం.2 అనే సన్నని కార్డు పట్టే స్లాట్ ఉంటుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఎం.2 ఆకారంలోనే సాటా కార్డూ ఉంది, అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈ కార్డూ ఉంది. స్లాట్ సాటాకి మాత్రమే అయితే ఖరీదైన ఎన్‌వీఎంఈ పెట్టినా పలకదు. మోడల్ నంబరుతో కంపెనీ సర్వీస్ మాన్యువల్ చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. షాపువాళ్లను అడిగేటప్పుడు కూడా "ఎస్‌ఎస్‌డీ కావాలి" అని ఊరుకోకుండా మోడల్ నంబరు చెప్పండి.

తీసేసిన హార్డ్ డిస్క్‌ని పారేయకండి. బాగానే ఉంటే ఒక యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టుకుంటే ఫొటోల బ్యాకప్‌కి పనికొస్తుంది.

ర్యామ్ పెంచొచ్చో లేదో లాప్‌టాప్ విప్పకుండా తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే కింద స్లాట్ల సంఖ్య, ఫామ్ ఫ్యాక్టర్ కనిపిస్తాయి. అక్కడ ఎస్ఓ డిమ్ అని ఉంటే విడిగా తీయగలిగే స్టిక్ అన్నమాట. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ఆన్‌బోర్డ్ ర్యామ్, అంటే బోర్డుకే అతికించినది. అక్కడ చూపే స్లాట్ల లెక్క ఒక్కోసారి తప్పుతుంది కాబట్టి మాన్యువల్‌తో కూడా సరిచూసుకోండి. మ్యాక్‌బుక్ ఎయిర్ అయితే చూడనక్కర్లేదు, దానికి ర్యామ్ పెంచడం ఏ మోడల్లోనూ కుదరదు.

స్టిక్ కొనేటప్పుడు రకం సరిపోవాలి. డీడీఆర్3, డీడీఆర్3ఎల్ రెండూ ఒకే స్లాట్‌లో పడతాయి గానీ మొదటిది 1.5 వోల్టులది, రెండోది 1.35 వోల్టులది. ఇంటెల్ నాలుగో, ఐదో తరం చిన్న లాప్‌టాప్‌లలో (తరం ఎలా గుర్తుపట్టాలో కింద చెప్పాను) చాలావాటికి ఎల్ ఉన్నదే కావాలి. మామూలుది పెడితే లాప్‌టాప్ ఆన్ కూడా అవదు. డీడీఆర్4 స్టిక్ గాడి వేరేచోట ఉంటుంది, అసలు పట్టదు.

ఇంకో సంగతి. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ సర్వర్ల కోసం మెమరీ చిప్‌లు అటు వెళ్లిపోవడం అందుకు పెద్ద కారణం. కాబట్టి రెండేళ్ల క్రితం మీ ఫ్రెండ్ ఎంతకి వేయించుకున్నాడన్నది ఇవాళ లెక్కలోకి రాదు. 4 జీబీ ఉంటే 8కి పెంచడం ఇప్పటికీ అవసరమే. 8 ఉండి, మామూలు ఆఫీసు పనే అయితే 16 కోసం ఖర్చు పెట్టకండి.

మా చెల్లి హాస్టల్లో వాడే చిన్న లాప్‌టాప్‌లో స్టోరేజ్ మొత్తమే 32 జీబీ. దాన్ని బాగుచేయించొచ్చా?

అందులో ఉన్నది ఈఎంఎంసీ అనే చవక రకం స్టోరేజ్ చిప్ అయ్యుంటుంది, అదీ బోర్డుకే అతికించి ఉంటుంది. ర్యామ్ కూడా సాధారణంగా 2 లేదా 4 జీబీ, అదీ ఆన్‌బోర్డే. 32 జీబీలో విండోస్ పోగా పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు దింపుకోవడానికే చోటుండదు. కొన్ని మోడళ్లలో అడుగున ఖాళీ ఎం.2 స్లాట్ గానీ 2.5 అంగుళాల అర గానీ ఉంటుంది. అది ఉంటే అదృష్టమే. లేకపోతే దాని మీద రూపాయి కూడా పెట్టొద్దని నా సలహా. మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ హాస్టళ్ల పిల్లలు ఇలాంటివి పట్టుకొస్తారు. ఇంట్లోవాళ్లు కష్టపడి కొనిచ్చినది కదా, ఏమీ చేయలేమని చెప్పడానికి మనసొప్పదు. అయినా డబ్బులు తీసుకుని ఫార్మాట్ కొట్టి పంపితే నెలకే మళ్లీ అదే పరిస్థితి వస్తుంది.

విండోస్ 10 అయిపోయిందంటున్నారు. ఇక వాడకూడదా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ రోజు నుంచి లాప్‌టాప్ ఆగిపోలేదు, కానీ కొత్తగా బయటపడే లోపాలకు ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలుగా రావు. ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు పథకం ఒకటి ప్రకటించారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ నుంచి అందులో చేరాలి. బ్యాంకు పనులు ఆ లాప్‌టాప్‌లోనే చేసేవారు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

విండోస్ 11కి వెళ్లాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఆన్ అయ్యేటప్పుడు రక్షణనిచ్చే సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్‌తోపాటు ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. ఇంటెల్ కోర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి, లాప్‌టాప్ ఏఎండీ రైజెన్ అయితే 3000 వరుస నుంచి లెక్క. తరం ఎలా గుర్తుపట్టాలంటే ఐ5-8250యూ అన్నచోట మొదటి అంకె 8 కదా, అది 8వ తరం. ఐ5-7200యూ అయితే 7వది. ఐ5-1135జీ7 అని ఉంటే 11వ తరం. సెలెరాన్‌లలో ఎన్4000కి అర్హత ఉంది, ఎన్3350కి లేదు. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ యాప్ వేసుకుంటే సందేహం తీరిపోతుంది.

అర్హత లేనివాటిలో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించడం కుదురుతుంది, చాలామంది ఎక్కిస్తున్నారు కూడా. అలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయన్న హామీ లేదు. 24హెచ్2 వెర్షన్ నుంచి కోర్ 2 డ్యుయో లాంటి బాగా పాత ప్రాసెసర్ల మీద అది అసలు మొదలే కాదు. పిల్లలు ప్రయోగంగా చేసుకుంటే అభ్యంతరం లేదు. ఆడిటర్ ఆఫీసులోనో, క్లినిక్‌లోనో అలా నడపడం నాకు సమ్మతం కాదు.

విండోస్‌కి బదులు లినక్స్ వేసుకుంటే సరిపోతుందా?

పనంతా బ్రౌజర్‌లోనే అయితే సరిపోతుంది. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, లుబుంటు తేలిగ్గా ఉంటాయి, తెలుగు యూనికోడ్ టైపింగ్‌కీ ఇబ్బంది లేదు. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తే అప్పుడే లోపలికి ఎక్కించండి. ట్యాలీ, డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ లాంటివి వాడేవారు మాత్రం విండోస్‌లోనే ఉండటం మంచిది.

వీడియో క్లాసులు ఆగి ఆగి వస్తున్నాయి, ఫ్యాన్ హోరెత్తిపోతోంది. నెట్ బాగానే ఉంది. ఎందుకలా?

ద్వారకానగర్‌లో కోచింగ్ తీసుకునే పిల్లలు తరచూ చెప్పే బాధ ఇది. యూట్యూబ్ ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే పద్ధతుల్లో వీడియో పంపుతుంది. వాటిని విప్పడానికి చిప్‌లో ప్రత్యేక భాగం ఉంటే పని సాఫీగా జరుగుతుంది. ఇంటెల్‌లో వీపీ9కి అది పూర్తిగా 7వ తరం నుంచి, ఏవీ1కి 11వ తరం నుంచి వచ్చింది. అంతకుముందువాటిలో ఆ భారం ప్రాసెసర్ మీదే పడుతుంది, అందుకే ఆ ఫ్యాన్ హోరు.

దీనికి ఎస్‌ఎస్‌డీ గానీ ర్యామ్ గానీ మందు కాదు. వీడియో క్వాలిటీని 480పీకి తగ్గించి చూడండి. బ్రౌజర్‌లో యూట్యూబ్‌ని పాత హెచ్264 పద్ధతికి మళ్లించే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, వాటితో చాలా పాత మెషీన్లు కూడా తేరుకుంటాయి. పరీక్షలయ్యేదాకా ఆ ఏర్పాటుతో నెట్టుకురావచ్చు.

బ్యాటరీ గంట కూడా రావడం లేదు. ఎప్పుడూ చార్జర్ పెట్టే వాడుతున్నాను. మార్చడం అవసరమా?

ముందు దాని ఆరోగ్యం చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది 42,000, రెండోది 16,000 అనుకోండి. కొత్తలో ఉన్న సామర్థ్యంలో 38 శాతమే మిగిలిందన్నమాట. లిథియం బ్యాటరీలు సాధారణంగా 300 నుంచి 500 సార్లు పూర్తిగా చార్జయ్యాక బాగా తగ్గుతాయి, ఎండా వేడీ ఎక్కువైతే ఇంకా ముందే.

ఊళ్లో కరెంటు ఉన్నంతకాలం బ్యాటరీ సంగతి గుర్తురాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన విశాఖవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. మిగతా అంతా బాగుండి విండోస్ 11కి అర్హత ఉన్న లాప్‌టాప్ అయితే బ్యాటరీ మార్పించండి. వీలైతే కంపెనీ బ్యాటరీయే వేయించండి. దొరక్కపోతే కంపాటిబుల్‌ది తీసుకోండి, కానీ తయారీ తేదీ చూసుకోండి. షాపులో మూడేళ్లుగా పడి ఉన్నది కొత్తది కిందికి రాదు.

టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, లాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోకుండా ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బిందేమో అని అనుమానించండి. వెంటనే ఆఫ్ చేసి, చార్జర్ తీసేసి, సర్వీసుకి తీసుకెళ్లండి. నొక్కి లోపలికి నెట్టడం, మీరే స్క్రూడ్రైవర్ పెట్టి లాగడం చేయకండి. చిల్లు పడితే మంటలు వస్తాయి. ఇందులో మాత్రం రేపు చూద్దాం అన్న మాటే వద్దు.

మాది బీచ్ రోడ్డు. సముద్రపు గాలికి లాప్‌టాప్ పాడవుతుందా?

అవుతుంది, నేను కళ్లారా చూస్తున్నాను. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, భీమిలి వైపు నుంచి వచ్చే లాప్‌టాప్‌ల అడుగు మూత తీస్తే ముందు స్క్రూలే చెబుతాయి. తలల మీద గోధుమరంగు తుప్పు, కొన్నింటికి స్క్రూడ్రైవర్ పట్టే గాడి కూడా అరిగిపోయి ఉంటుంది. లోపల ఫ్యాన్ బయటికి గాలి వదిలే చోట దుమ్ము పొడిగా ఉండదు, చెమ్మతో కలిసి బూడిదరంగు చాపలా అతుక్కుపోయి ఉంటుంది. యూఎస్‌బీ, చార్జింగ్ పోర్టుల లోహం మీద పచ్చని పొడి. అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది బోర్డు అంచుల్లో రాగి తీగల మీద కనిపించే ఆకుపచ్చ మరక.

స్లాట్ కాళ్ల మీద మాత్రమే ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. ర్యామ్ తీసి తుడిచి పెట్టగానే ప్రాణం వచ్చినవి ఎన్నో. మరక ప్రాసెసర్ చుట్టూ ఉన్న చిన్న చిన్న భాగాల దాకా పాకితే అప్‌గ్రేడ్ ఆలోచన మానుకోండి. ఇవాళ ఎస్‌ఎస్‌డీ వేయించినా, వచ్చే వానాకాలానికి బోర్డు పోతే ఆ ఖర్చు వృథా. అందుకే సముద్రం దగ్గరి ఇళ్లవాళ్లకి నేను చెప్పే వరుస ఇది: ముందు విప్పి చూపించుకోండి, బోర్డు శుభ్రంగా ఉందని ఫొటో తీయించుకోండి, ఆ తర్వాతే భాగాలు కొనండి.

ఇంట్లో జాగ్రత్త అంటే కిటికీ పక్కన తెరిచి వదిలేయకపోవడం, వాడనప్పుడు సిలికా జెల్ పొట్లాలు వేసిన బ్యాగులో పెట్టడం, ఏడాదికోసారి లోపల శుభ్రం చేయించడం.

హింజ్ (తెర మడిచే బందు) విరిగింది, కీబోర్డులో కొన్ని మీటలు పనిచేయడం లేదు. వీటికి ఖర్చు పెట్టొచ్చా?

కీబోర్డుకి పెట్టొచ్చు. హింజ్ విషయంలో మరలు పట్టే ప్లాస్టిక్ బాడీ పగిలిందా, హింజ్ ఒక్కటే బిగుసుకుందా అన్నది చూడాలి. బాడీ పగిలితే జిగురుతో అతికించిన రిపేరు చిన్న లాప్‌టాప్‌లో ఎక్కువ కాలం నిలవదు. దాన్ని అలాగే తెరుస్తూ మూస్తూ ఉంటే డిస్‌ప్లే కేబుల్ కూడా తెగుతుంది.

మొత్తం మీద ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు?

నేను వాడే లెక్క చెబుతాను. మీ పనికి సరిపోయే మంచి సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ ధర ఎంతో ముందు కనుక్కోండి. 20 వేలు అనుకుందాం. మీ పాతదానికి కావలసిన భాగాలు, లేబరు అన్నీ కలిపి అందులో మూడో వంతు లోపు, అంటే ఆరున్నర వేల లోపు అయితే బాగుచేయించండి. సగం దాటితే ఆపేయండి. మధ్యలో ఉంటే మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ లాప్‌టాప్‌కి విండోస్ 11 అర్హత ఉందా? ఉంటే ముందుకెళ్లండి.

అన్నీ ఒకేసారి వేయించకండి. ముందు ఎస్‌ఎస్‌డీ వేయించి రెండు వారాలు వాడి చూడండి. చాలామందికి అక్కడితో సరిపోతుంది. ఇంకో మేలు కూడా ఉంది. తర్వాత లాప్‌టాప్ పోయినా 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ ఇంకోదాంట్లో పెట్టుకోవచ్చు. బ్యాటరీ మాత్రం ఆ మోడల్‌తోనే పోతుంది, అందుకే దాన్ని చివర్న పెట్టుకోండి.

మార్చేయాలనే తేలింది. కొత్తది కొనాలా, సెకండ్‌హ్యాండా?

బడ్జెట్ తక్కువైతే, అతి చవక కొత్తదానికంటే కంపెనీ ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ బిజినెస్ లాప్‌టాప్‌కే నా ఓటు. కీబోర్డు, హింజ్ గట్టిగా ఉంటాయి, విప్పడం సులువు. అయితే చిన్న మోడళ్లలోనూ తేడాలున్నాయి. డెల్ లాటిట్యూడ్ 7290లో ర్యామ్‌కి ఒకే స్లాట్ ఉంది. హెచ్‌పీ ఎలైట్‌బుక్ 830 జీ5లో రెండున్నాయి. థింక్‌ప్యాడ్ ఎక్స్280లో ర్యామ్ ఆన్‌బోర్డ్, 8 జీబీది కొంటే చివరిదాకా 8తోనే. ఈ మూడూ 8వ తరంతో దొరుకుతాయి. వీటి ముందు మోడళ్లు ఇంకా చవగ్గా వస్తాయి గానీ, విండోస్ 11 గీత అవతల ఉంటాయి కాబట్టి విండోస్ కావాలనుకుంటే వాటి జోలికి వెళ్లకండి.

ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు షాపుల్లో చూసేటప్పుడు తొందరపడకుండా అక్కడే కూర్చుని పరీక్షించండి. విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్, అంటే బయోస్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతోందా చూడండి, అడిగితే ఎంత తక్కువకిచ్చినా వద్దు. తెర మీద తెల్ల పేజీ తెరిచి మచ్చలున్నాయేమో చూడండి. నోట్‌ప్యాడ్‌లో ప్రతి కీ నొక్కండి. బ్యాటరీ రిపోర్ట్ తీయండి. ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టండి. బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు, ఎన్ని రోజుల వారంటీ అన్నది రాయించుకోండి.

మా అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరుతున్నాడు. అక్క వాడిన 12 అంగుళాల లాప్‌టాప్ సరిపోతుందా?

మొదటి ఏడాదికి సరిపోతుంది. సీ, పైథాన్ ప్రోగ్రాములకు 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు. ఏ బ్రాంచిలో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో తెలిశాక పెద్ద ఖర్చు పెట్టండి. సివిల్, మెకానికల్ వాళ్లకి క్యాడ్ కోసం పెద్ద తెర కావాలి. యాప్‌లు చేసేవాళ్లకి ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్‌తో నడవాలంటే 16 జీబీ ఉండాలి. కౌన్సెలింగ్ సీటు రాకముందే గేమింగ్ లాప్‌టాప్ కొనేసి టెన్షన్ పడుతున్న తల్లిదండ్రులు ప్రతి ఏడాదీ నా దగ్గరికి వస్తారు. అన్ని కేజీల బరువు మోస్తూ పిల్లవాడు రోజూ బస్సెక్కాలి, అదీ గుర్తుంచుకోండి.

మాది డీటీపీ పని. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లు పాత లాప్‌టాప్‌లోనే నడుస్తున్నాయి. మార్చాలా?

నడుస్తున్నదాన్ని కదపకండి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, 2001 నాటిది. కొత్త విండోస్‌లో అది నమ్మకంగా నడుస్తుందని చెప్పలేం. ఆ లాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ వేయించి, ఉన్నదున్నట్టు డిస్క్‌ని క్లోన్ చేయించండి. రెండో కాపీ కూడా తీసి దాచండి. నెట్ కనెక్షన్ తీసేసి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో మార్చుకోండి. మెయిల్, వాట్సాప్‌లకు వేరేది వాడండి.

రిపేరుకి ఇచ్చే ముందు, పాతది వదిలించుకునే ముందు ఏం చేయాలి?

ఇచ్చే ముందు బ్యాకప్ తీసుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే చాలా లాప్‌టాప్‌లలో డిస్క్‌లోని డేటాకి విండోస్‌లోని బిట్‌లాకర్ దానంతటదే తాళం వేసి (ఎన్‌క్రిప్ట్ చేసి) ఉంటుంది. బోర్డు మార్చినా, డిస్క్ తీసి వేరేదాంట్లో పెట్టినా బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది 48 అంకెల కీ. మీ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి. అది లేకపోతే పెళ్లి ఫొటోలు డిస్క్‌లో భద్రంగా ఉన్నా ఎవరూ తెరవలేరు.

అమ్మేటప్పుడు ఫైళ్లు డిలీట్ చేస్తే సరిపోదు. రీసెట్ దిస్ పీసీలో అన్నీ తీసేయమని చెప్పి, డేటా శుభ్రం చేసే ఆప్షన్ కూడా ఎంచుకోండి. అస్సలు ఆన్ కానిదైతే డిస్క్ విప్పి మీ దగ్గరే ఉంచుకోండి. చెత్తబండిలో మాత్రం వేయకండి, ముఖ్యంగా బ్యాటరీని. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పాత పరికరాలు నమోదైన రీసైక్లర్లకే చేరాలి, ఆ బాధ్యత తయారీ కంపెనీల మీద ఉంది. మీ లాప్‌టాప్ బ్రాండ్ వెబ్‌సైట్‌లో పాతవి వెనక్కి తీసుకునే పేజీ చూసి, అక్కడి నంబరుకి ఫోన్ చేయండి.